రెండు జీర్ణోద్ధరణలు: బెంగుళూరు నాగరత్నమ్మ నమ్మకమూ నియమమూ

సాహిత్య విమర్శలో 'భక్తి' అనే మాటకు ఒక స్థానం ఉంది. 'నమ్మకం' అనే మాటకు లేదు. భక్తిని రసచర్చలోనో, శతకాల విభజనలోనో, సంకీర్తన వాఙ్మయంలోనో చేర్చి ఊరుకుంటాము. ఒక మనిషి దేన్ని నమ్ముకుని బతికారు, ఆ నమ్మకం వారి రాతలోకి, వారు చేసిన ఎంపికల్లోకి, డబ్బు ఖర్చుపెట్టిన తీరులోకి ఎట్లా దిగింది అనే ప్రశ్న వస్తే, అది జీవితచరిత్రకారుల పని అని పక్కకు నెడతాము. మేమూ చాలాకాలం అట్లాగే నెట్టాము. ఈ వ్యాసం ఆ అలవాటును కొంత సవరించుకునే ప్రయత్నం.

మా తరగతిలో 'రాధికా సాంత్వనము' చెప్పేటప్పుడు దాని పరిష్కర్త బెంగుళూరు నాగరత్నమ్మ గురించి పది నిమిషాలు చెప్పడం మాకు అలవాటు. నిషేధం, పోలీసులు, వీరేశలింగం పంతులుగారితో వాదం, ఇంతటితో సరి. సంగీతం పాఠ్యాంశంగా ఉన్న మరో తరగతిలో త్యాగరాజస్వామి సమాధి ప్రసక్తి వచ్చినప్పుడు అదే నాగరత్నమ్మ గురించి మరో పది నిమిషాలు: నగలు, ఆస్తి ధారపోసిన భక్తురాలు, అంతటితో సరి. రెండు తరగతులకూ వచ్చే హోసూరు వైపు అమ్మాయి ఒకరు ఒకనాడు లేచి, "ఈ ఇద్దరు నాగరత్నమ్మలూ ఒకరేనా సార్?" అని అడిగింది. తరగతి నవ్వింది. మేము నవ్వలేదు. ఆ అమ్మాయి అడిగినది సమాచారం కోసం కాదని అప్పుడే తెలిసింది. శృంగారకావ్యాన్ని పట్టుబట్టి అచ్చువేయించిన మనిషి, పదకొండేళ్ళు తిరక్కముందే సన్న్యాసం పుచ్చుకున్న ఒక మహాత్ముడి సమాధికి రాళ్ళు మోయించడానికి ఎట్లా పూనుకున్నారు? ఆమె మారిపోయారా? మారకపోతే ఈ రెండింటికీ కింద ఉన్న పునాది ఏమిటి?

నాగరత్నమ్మ గురించి రాసినవారిలోనూ ఈ చీలిక కనబడుతుంది. భక్తిపరంగా రాసేవారు 1910ని తొందరగా దాటేస్తారు. స్త్రీవాద దృష్టితో రాసేవారు 1921 తరువాతి సంగతులను ముసలితనపు వైరాగ్యం అన్నట్టు చివరి పేరాలో పెడతారు. 1921 నాటికి ఆమెకు నలభై మూడేళ్ళు. ముసలితనం అనడానికి లేదు. మా వాదం ఇది: ఆమె చేసిన పని మొదటినుంచి చివరివరకు ఒకటే. శిథిలమైనదాన్ని దాని సొంత పేరుతో, సొంత రూపంతో నిలబెట్టడం.

ముందు పాఠం సంగతి చూద్దాం. ముద్దుపళని తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానానికి చెందిన కవయిత్రి. అరవ నేల మీద, మరాఠీ మాతృభాషగా గల రాజుల కొలువులో తెలుగు ప్రబంధం రాసింది. రాష్ట్రం బయటి తెలుగు అంటే ఏదో మిగులూ తగులూ అనుకునేవారికి చెప్పవలసిన మొదటి విషయం ఇది: పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగు కావ్యానికి ఒక పెద్ద ఇల్లు కావేరి ఒడ్డున ఉంది. కావ్యం నాలుగు ఆశ్వాసాలు. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్ళి చేయించడం, తరువాత విరహంతో కుమిలిపోవడం, కృష్ణుడు వచ్చి అలక తీర్చడం కథ. కథలో కొత్తదనం కొద్దిగానే ఉంది. ఎవరి కోరిక ముందు, ఎవరి అలక తీరాలి అనే చోట కొత్తదనం ఉంది. అంతకంటె విశేషం అవతారికలో ఉంది. మన కవులు వంశవర్ణనలో తాతతండ్రులను తలుస్తారు. ముద్దుపళని తన ఇంటి స్త్రీల పరంపరను చెప్పుకుంది. తన విద్వత్తును, తాను పండితులను సత్కరించిన సంగతిని, తనకు కావ్యాలు అంకితమైన సంగతిని చెప్పుకుంది. తన జాతి స్త్రీలలో ఈ గౌరవం మరెవరికి దక్కిందని అడిగింది.

ఈ కావ్యం 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరణలో అచ్చయింది. ఆ అచ్చుప్రతిలో అవతారిక లేదు. కొన్ని పద్యాలూ లేవు. కవయిత్రి ఎవరో, ఏ ఇంటి ఆడబిడ్డో, ఎవరి దగ్గర చదువుకుందో తెలియకుండా కావ్యం మాత్రం మిగిలింది.

నాగరత్నమ్మ ముద్దుపళని పేరు తంజావూరు కాలపు సాహిత్యం మీద వచ్చిన ఒక రచనలో చూశారు. పుస్తకం కోసం వెతికారు. దొరికిన అచ్చుప్రతితో తృప్తిపడలేదు. తరువాత ఒక వ్రాతప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. తేడా అప్పుడు బయటపడింది. విడిచిపెట్టిన భాగాలను తిరిగి చేర్చి, 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పాఠాన్ని ప్రకటించారు. ఆ పీఠికలో ఆమె చెప్పిన మాటల సారాంశం ఇది: ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనిపించే కావ్యం, రసవంతమైనది, రాసినది స్త్రీ, పైగా తన కులంలో పుట్టిన స్త్రీ, అందువల్ల దీన్ని సరైన రూపంలో ప్రకటించడం అవసరమని తోచింది.

మేము ఈ మూడు కారణాల వరుస దగ్గర చాలాసార్లు ఆగాము. రసం మొదటిది, స్త్రీ రెండవది, కులం మూడవది. తన కులపు కవయిత్రి కనుక అచ్చువేస్తున్నానని ఆమె మొదలుపెట్టి ఉంటే, ఆ రోజుల్లో అదీ సాహసమే. కాని ఆమె ముందు పాఠకురాలు. కావ్యం బాగుంది, అదీ మొదటి మాట. తరువాతి రెండు కారణాలను దాచలేదు, ముందుకు తోయలేదు. పండిత పీఠికల్లో సాధారణంగా పరిష్కర్త తన అర్హతలను చెప్పుకుని, తన ఇష్టాన్ని దాచుకుంటాడు. ఇక్కడ ఇష్టమే అర్హత. మీలో ఎవరైనా రేపు ఏదైనా వ్రాతప్రతిని పరిష్కరించబోతే ఈ వరుసను గుర్తుపెట్టుకోవచ్చు.

'సరైన రూపంలో' అన్న భావం మీద కూడా కొంత ఆగాలి. కావ్యంలోని శృంగారాన్ని తగ్గించి అచ్చువేసి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. 1887 ప్రతి ఇరవైమూడేళ్ళు నిరాటంకంగా నడిచింది. పోలీసుల దృష్టికి వచ్చినది ఆ కావ్యమే, కాని పూర్తి పాఠంగా, కవయిత్రి తన నోటితో తన పేరు చెప్పుకున్న తరువాత, మరొక స్త్రీ పరిష్కర్తగా తన పేరు పెట్టుకున్న తరువాత. ఇది కేవలం మా ఊహ కాదు. అప్పటి ఒక పత్రిక, రాసినదీ వేశ్యే, పరిష్కరించినదీ వేశ్యే అనే ధోరణిలో సమీక్షించింది. అభ్యంతరం పద్యాల మీద ఎంత, పేర్ల మీద ఎంత అనేది పాఠకులే తూకం వేసుకోవచ్చు.

వీరేశలింగం పంతులుగారు ముద్దుపళనిని శీలం లేనిదన్నారు. ఆ పద్యాలు స్త్రీలు వినదగినవి కావని, స్త్రీ నోట రాదగినవి అసలే కావని అన్నారు. ఆయనను తేలికగా తీసివేయడం మాకు సమ్మతం కాదు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి, వెలిని, అవమానాలను భరించిన మనిషి. భోగం మేళాలను వ్యతిరేకించినదీ ఆ నియమంతోనే. నియమం ఉన్న మనిషి మరొకరి నియమాన్ని చూడలేకపోవడం ఇక్కడ జరిగింది. నాగరత్నమ్మ జవాబు మూడు ప్రశ్నలు. ఔచిత్యం, సిగ్గు స్త్రీలకు మాత్రమేనా, పురుషులకు అక్కరలేదా? వేశ్య కాబట్టి ఆమె విచ్చలవిడిగా రాసిందంటే, గౌరవనీయులైన పురుషులు అదే రాస్తే ఏమనాలి? పంతులుగారు స్వయంగా పరిశీలించి ప్రచురణకు ఒప్పుకున్న 'వైజయంతీ విలాసము'లోని శృంగారం కంటె ఇందులోనిది ఎక్కువా?

ఈ ప్రశ్నలను వాదపటిమకు ఉదాహరణగా చెప్పడం మామూలు. మాకు వాటిలో మరో సంగతి కనబడుతుంది. కావ్యంలో శృంగారం తక్కువని ఆమె బుకాయించలేదు. అంతా జీవాత్మ పరమాత్మల సంకేతమనీ చెప్పలేదు. చెప్పి ఉంటే చాలామంది పండితులు సర్దుకునేవారే. జయదేవునికి, క్షేత్రయ్యకు ఆ గొడుగు ఎప్పుడూ దొరుకుతుంది. క్షేత్రయ్య పదాలు పాడుతూ పెరిగిన సంప్రదాయంలోని స్త్రీకి ఆ గొడుగు తెలియక కాదు. అక్కరలేదు కనుక పట్టలేదు. ఆమె దృష్టిలో శృంగారం దేవుని ముందు పాడదగినదే. దానికి వేరే అర్థం చెప్పి క్షమాపణ కోరవలసిన పనిలేదు. మా ఉద్దేశంలో ఆమె నమ్మకం అనేది ఇక్కడే మొదలవుతుంది. తన కళ, తన దేవుడు, తన పుట్టుక, ఈ మూడింటిలో దేన్నీ మరొకదానికోసం దాచకపోవడం. నియమం అన్నా ఇదే.

ఫలితం తెలిసినదే. 1911లో ప్రభుత్వం కావ్యాన్ని అశ్లీలమని తేల్చి ప్రతులను స్వాధీనం చేసుకుంది. వావిళ్ళవారు, పండితులు పెట్టుకున్న విన్నపాలు ఫలించలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న 1946–47లో నిషేధాన్ని తొలగించే నిర్ణయం జరిగింది. 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చువేశారు. ఆ ఏడు మే 19న నాగరత్నమ్మ తిరువయ్యారులో కన్నుమూశారు.

ఇక రెండవ జీర్ణోద్ధరణ. నాగరత్నమ్మ 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టారు. కన్నడం, సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు నేర్చారు. బెంగుళూరులో ఆమెకు సంగీతం చెప్పిన మునిస్వామప్ప వాలాజాపేట శిష్యపరంపరకు చెందినవారు. అంటే త్యాగరాజస్వామి ఆమెకు పటంలోని దేవుడు కారు, గురువుకు గురువు. ఈ వివరం చిన్నదిగా కనబడుతుంది కాని మొత్తం కథకు ఇదే కీలకం అనుకుంటున్నాము. ముద్దుపళని తన ఇంటి స్త్రీల పేర్లు ఎట్లా చెప్పుకుందో, పాటకత్తె తన గురుపరంపరను అట్లా చెప్పుకుంటుంది. కులగోత్రాలు లోకం ముందు పనికిరానివారికి ఆ పరంపరే వంశం.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందారు. అంతకుముందే సన్న్యాసం తీసుకున్నందువల్ల కావేరి ఒడ్డున సమాధి చేశారు. కాలక్రమాన అది తుప్పల్లో పడిపోయింది. 1903లో ఉమయాళ్పురం శిష్యులు బాగుచేశారు. ఆ తరువాత ఏటా ఆరాధనోత్సవాలు మొదలయ్యాయి, విద్వాంసులు పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండుగా చీలి పోటీపడి ఉత్సవాలు చేశారు. ఉత్సవాలు పెరిగినంతగా సమాధి పెరగలేదు. 1921లో మైసూరు విద్వాంసులు బిడారం కృష్ణప్పగారు ఆ దుస్థితిని వివరిస్తూ రాసిన ఉత్తరం నాగరత్నమ్మకు అందింది. ఆమె మద్రాసునుంచి బయలుదేరి వెళ్ళారు. స్థలం సంపాదించారు. అదే ఏడు అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. 1926 జనవరిలో కుంభాభిషేకం. ఖర్చు ఆమెది. కచేరీల ఆదాయం, నగలు, మద్రాసులోని ఆస్తి క్రమంగా ఆ ఇసుకలో కలిశాయి. కలిశాయి అనే మాట ఆమె ఒప్పుకోరు లెండి.

పని తీరు గమనించండి. వ్రాతప్రతి దొరికినప్పుడు ఏం చేశారో, ఉత్తరం అందినప్పుడూ అదే చేశారు. స్వయంగా వెళ్ళి చూడడం, హక్కు ఎవరిదో తేల్చుకోవడం, మూలం చెడకుండా దాని మీద కట్టడం, అందరికీ అందుబాటులో పెట్టడం. పాఠపరిష్కరణ శాస్త్రం చదువుకున్నవారికి ఈ క్రమం తెలిసినదే.

అసలు పరీక్ష గుడి పూర్తయ్యాక వచ్చింది. ఆరాధనలో రెండు కట్చిలవారూ స్త్రీలను సమాధి ముందు పాడనివ్వలేదు. దేవదాసీలను అంతకంటె ఇవ్వలేదు. తన డబ్బుతో, తన పేరున తెచ్చిన స్థలంలో, తాను కట్టించిన గుడి ముందు ఆమె పాడడానికి వీల్లేదు. ఇక్కడ ఎవరైనా రెండింటిలో ఒకటి చేస్తారని అనుకుంటాము. కోపంతో గుడి తలుపులు మూయించడం ఒకటి, లోకరీతి అని తలవంచి పక్కన నిలబడడం మరొకటి. ఆమె స్త్రీలను కూడగట్టి, గుడి వెనకవైపు మూడవ ఆరాధన మొదలుపెట్టారు. అరవంలో జనం దానికి పెట్టిన పేరు 'పొంబళై కట్చి', ఆడవాళ్ళ జట్టు. వెక్కిరింపుగా పుట్టిన పేరు. ఆ పేరుతోనే నడిచింది. చివరకు 1940లో మూడు పక్షాలూ కలిసి ఒకే ఉత్సవంగా జరపడానికి ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందంలో స్త్రీలూ భాగస్థులయ్యారు.

ప్రసంగవశాత్తు ఒక వ్యాకరణ విషయం. మీలో కన్నడ, తమిళ ప్రాంతాలవారు తెలుగు నేర్చుకునేటప్పుడు ఒకచోట తడబడతారు. కన్నడంలో 'బందళు', తమిళంలో 'వందాళ్' అని స్త్రీకి క్రియలో ప్రత్యేక రూపం ఉంది. తెలుగులో లేదు. 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది', రెండింటికీ ఒకటే. కాని బహువచనంలో 'వాళ్ళు వచ్చారు' అన్నప్పుడు స్త్రీలు పురుషులతో కలుస్తారు, బండ్లు మాత్రం 'వచ్చాయి'. ఒంటరి స్త్రీ వస్తువులతో, నలుగురు స్త్రీలు మనుషులతో అన్నమాట. వ్యాకరణ లింగం నుంచి సంఘస్థితిని లాగకూడదని మేమే భాషాశాస్త్రం తరగతిలో గట్టిగా చెబుతాము. తిరువయ్యారు సంగతి చెప్పిన రోజు మాత్రం ఈ ఉదాహరణ నోటికి రాకుండా ఆపుకోలేకపోయాము.

గుడి వెనక పాడిన ఆ పన్నెండు పదమూడేళ్ళను మేము మొదట సహనం అని పిలిచేవాళ్ళము. ఇప్పుడు ఆ మాట సరిపోదనిపిస్తున్నది. సహించేవారు ఎదుటివారు మారేవరకు ఎదురుచూస్తారు. ఆమె ఎదురుచూస్తూ కూర్చోలేదు. స్వామి ముందు పాడడం తన హక్కు అని ఆమెకు సందేహం లేదు. ముందువైపునుంచి వినబడకపోతే వెనకవైపునుంచి వినబడుతుంది, వినేవారు ఒకరే కదా అన్న లెక్క. నిర్వాహకుల అనుమతి మీద ఆధారపడే నమ్మకం అయితే అది 1927లోనే కూలిపోవలసినది. అదే సమయంలో నిర్వాహకులతో ఒప్పందం కూడా ఆమె అవసరం లేదనుకోలేదు. 1949 వీలునామాలో తన ఆస్తిని ట్రస్టుకు అప్పగిస్తూ, స్త్రీలకు, దేవదాసీలకు సహా, అక్కడ పూజలోను పాటలోను పురుషులతో సమానమైన హక్కు ఉండాలని షరతు పెట్టారు. మనుషుల మంచితనం మీద వదలకుండా కాగితం మీద పెట్టించారు. నమ్మకం ఉన్నవారు పత్రాలు రాయించరని ఎవరన్నారు?

మేము ఆమెతో ఏకీభవించలేని చోటు ఒకటుంది. దాన్ని దాటవేస్తే ఇది విమర్శ కాకుండా స్తోత్రం అవుతుంది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ సమర్పణను నిర్మూలించాలని పూనుకున్నప్పుడు, మద్రాసు దేవదాసీల సంఘం పక్షాన నాగరత్నమ్మ వ్యతిరేకించారు. తమను వేశ్యలతో కలిపి ఒకే ముద్ర వేయవద్దని, ఉన్న చెడును తొలగించడానికి చదువు, కళ, మతబోధ మార్గమని వారి వాదం. ముద్దుపళనిని శీలంలేనిదన్న మాటకు జవాబిచ్చిన మనిషి ఇక్కడా అదే మాటకు జవాబిస్తున్నారు. అందువల్ల ఆమె స్థిరత్వాన్ని తప్పుపట్టలేము. కాని కాలికి గజ్జె కట్టకముందే, ఊహ తెలియకముందే సమర్పించబడ్డ పిల్లలకు నాగరత్నమ్మకు దొరికిన చదువు, గురువులు, ఆస్తి దొరకలేదు. ముత్తులక్ష్మి రెడ్డి తల్లి దేవదాసీ కుటుంబానికి చెందినవారు; ఆ పిల్లల సంగతి ఆమెకూ బయటినుంచి తెలిసినది కాదు. చట్టం 1947లో వచ్చింది. తన జీవితం నుంచి తీసిన నియమాన్ని ఆ జీవితం దొరకనివారికి కూడా కొలతగా వాడడం నాగరత్నమ్మ పొరపాటు అని మా అభిప్రాయం. ఇంకో సంగతీ చెప్పాలి: చట్టం వచ్చాక సమర్పణ ఆగింది, కాని ఆ కుటుంబాల కళను, భూములను ఎవరు తీసుకున్నారు అన్న లెక్క చూస్తే, ఆమె భయం వట్టిది కాదని తేలుతుంది. ఇద్దరి పత్రాలూ పక్కపక్కన పెట్టి చదవండి. మేము తీర్పు ఇచ్చాము కదా అని మీరు చదవడం మానవద్దు.

ఇంతవరకు వచ్చాక మా సొంత సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. చాలా ఏళ్ళ క్రితం రాష్ట్రేతర విద్యార్థుల కోసం ఒక పద్యసంకలనం తయారుచేసే బాధ్యత మాకు వచ్చింది. ముద్దుపళని పద్యాలు చేర్చాము. పుటలు మించిపోయాయి. అవతారిక పద్యాలను తీసేశాము. వంశవర్ణన కదా, విద్యార్థులకు అంత అవసరం లేదు, కావ్యభాగం ఉంటే చాలునని అనుకున్నాము. ఎవరూ ఒత్తిడి చేయలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆ పుస్తకం ఎన్నో బ్యాచ్‌లు చదివాయి. హోసూరు అమ్మాయి ప్రశ్న అడిగిన సాయంత్రం ఆ పుస్తకం తీసి చూస్తే, 1887లో జరిగినది మా చేతుల మీదుగా మళ్ళీ జరిగిందని తెలిసింది. వెంకటనరసుగారి ఉద్దేశాలు ఏమైనా కావచ్చు; మాది కేవలం పుటల లెక్క. కవయిత్రికి మాత్రం తేడా లేదు. ఆమె పేరున్న చోటే కత్తెర పడింది.

దీన్ని చెప్పుకోవడానికి మాకు కొంత సంకోచం కలిగింది. మా చదువు అంతా పాఠం పవిత్రతను గురించి మాట్లాడే చదువు. ఒక్క పుట తగ్గించవలసి వచ్చినప్పుడు ఆ నియమం ఎక్కడికి పోయింది? నాగరత్నమ్మ దగ్గర పట్టాలు లేవు. అచ్చుప్రతిని, వ్రాతప్రతిని ముందు పెట్టుకున్నప్పుడు ఏది వదలకూడదో ఆమెకు తెలిసింది. ఆ కవయిత్రిని ఆమె తనదిగా నమ్మారు. మేము ఆమెను పాఠ్యాంశంగా తీసుకున్నాము. రెండింటికీ మధ్య తేడాను ఏ పరిష్కరణ శాస్త్రగ్రంథమూ మాకు చెప్పలేదు.

మేము తిరువయ్యారు వెళ్ళినది ఆరాధన రోజుల్లో కాదు. ఉత్సవం లేనప్పుడు అక్కడ ఇసుక, కొబ్బరిచెట్లు, కావేరిలో ఉంటే నీళ్ళు, లేకపోతే మరింత ఇసుక. త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగా నాగరత్నమ్మ సమాధి, అందులో చేతులు జోడించి స్వామివైపే చూస్తూ కూర్చున్న ఆమె విగ్రహం ఉన్నాయి. మాతో వచ్చిన బరంపురం విద్యార్థి ఒకరు, వారి ఇంట్లో ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి, అక్కడి అరవ అక్షరాలు చదవలేక, వినబడుతున్న కీర్తన మాత్రం తెలుగని గుర్తుపట్టి, "ఇక్కడ మన భాష పాటలో మాత్రమే ఉందా?" అని అడిగారు. మేము కాదన్నాము. కాని ఎందుకు కాదో చెప్పడానికి ఆయనకు చూపించవలసిన పద్యాలు మా సంకలనంలో లేవు.

ఈ విద్యాసంవత్సరం నుంచి ముద్దుపళని అవతారిక పద్యాలు, నాగరత్నమ్మ 1910 పీఠిక రెండూ పాఠ్యభాగంలో ఉంటాయి. పాత సంకలనం వాడుతున్నవారి కోసం ఆ పుటల నకళ్ళు పీఠం గ్రంథాలయంలో బల్లమీద పెట్టించాము. శృంగారభాగాల మీద సందేహాలున్నవారు ముందు పీఠిక చదివి, ఆ తరువాత తరగతికి రావాలి. తరగతి ఎప్పటిలాగే మంగళవారం రెండో గంట.